'మార్చి పంపండి మేడమ్': గుంటూరులో ఒక క్రైస్తవ కుటుంబం, ఒక కౌన్సెలింగ్ కేసు

నేను గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. లూథరన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టాను, ఇప్పటికీ ఆదివారం చర్చికి వెళ్తాను. ఈ కేసు గురించి రాయడానికి క్లయింటూ, అతని తల్లీ ఒప్పుకున్నారు. రాసింది చదివి, కొన్నిచోట్ల మార్పులు కూడా చెప్పారు. వాళ్లని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చేశాను, పేర్లు పెట్టలేదు. మన జిల్లాల్లో కౌన్సెలింగ్ చేసేవాళ్లకీ, పాస్టర్లకీ, ఇదే పరిస్థితిలో ఉండి ఎవరినీ అడగలేక నలిగిపోతున్న తల్లిదండ్రులకీ పనికొస్తుందని రాస్తున్నాను.

కేసు ఎలా వచ్చింది

ఫోన్ చేసింది తండ్రి. రిటైరైన ప్రభుత్వోద్యోగి, సంఘ కమిటీ సభ్యుడు. "అబ్బాయికి ఇరవై ఏడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. సంబంధం కుదిరింది, వచ్చే నెల ప్రధానం (నిశ్చితార్థం). ఇప్పుడు వాడేదో అంటున్నాడు. కాస్త కౌన్సెలింగ్ ఇచ్చి మార్చి పంపండి మేడమ్" అన్నారు. ఆ 'ఏదో' ఏమిటో ఆయన నోట రాలేదు. పక్కనుంచి తల్లి ఫోన్ తీసుకుని, గొంతు తగ్గించి, "ఆడపిల్లల మీద మనసు లేదంటున్నాడమ్మా" అంది.

ఇలాంటి ఫోన్లకి నేను చెప్పేది ఒకటే. మార్చడానికి నేను తీసుకోను. అబ్బాయి తనంతట తాను వస్తానంటే మాట్లాడతాను. మీ బాధ కూడా వింటాను, అయితే విడిగా. అతను నాతో చెప్పినవి అతని అనుమతి లేకుండా మీకు చెప్పను. ఈ షరతులు ఫోన్‌లోనే చెప్పెయ్యాలి. గదిలోకి వచ్చాక చెబితే తల్లిదండ్రులు మోసపోయామనుకుంటారు, అబ్బాయి నన్ను కూడా వాళ్ల పక్షంలో లెక్కేస్తాడు. తండ్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, ముందు రానివ్వండి" అన్నారు.

నేపథ్యం

ఈ కుటుంబం అర్థం కావాలంటే వాళ్లకి చర్చి ఏమిటో తెలియాలి. 1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి లూథరన్ మిషన్ ఈ చుట్టుపక్కల బళ్లూ ఆసుపత్రులూ పెడుతూ వచ్చింది. ఊరి బావి దగ్గరికి రానివ్వని కుటుంబాల పిల్లలు మిషన్ హాస్టళ్లలో చదువుకుని టీచర్లయ్యారు, నర్సులయ్యారు. ఈ అబ్బాయి తాతగారు అలా చదువుకున్నవారే. తల్లి కూడా టీచరుగా చేసి రిటైరైంది, ఇప్పటికీ ఆదివారపు బడి పిల్లలకి పాఠం చెబుతుంది. ఆ ఇంట్లో చదువూ, మర్యాదా, పెళ్లి సంబంధాలూ, చివరికి సమాధి స్థలం కూడా సంఘంతో ముడిపడినవే. అబ్బాయి ఇంతకుముందు హైదరాబాదులో ఒక కౌన్సెలర్‌ని కలిశాడు. ఆయన విని, "ఆ మతం నిన్ను బాధపెడుతోంది, వదిలేసి హాయిగా బతుకు" అన్నారట. మళ్లీ ఆ గడప తొక్కలేదు. "నన్ను నేను సగం కోసుకోమన్నట్టు అనిపించింది మేడమ్" అన్నాడు.

తన ఆకర్షణ మగవాళ్ల మీదని అతనికి పద్నాలుగేళ్లకే తెలిసింది. అదే ఏడు యూత్ క్యాంపులో ఒక ప్రసంగీకుడు సొదొమ గురించి, అంటే బైబిల్లో పాపం వల్ల దేవుడు నాశనం చేసిన పట్టణం గురించి, చెప్పింది విన్నాడు. ఆ రాత్రి మొదలుపెట్టిన ప్రార్థన నా దగ్గరికి వచ్చేనాటికీ నడుస్తూనే ఉంది: "ప్రభువా, ఇది నాలోంచి తీసెయ్యి." ఇంకేం ప్రార్థిస్తావని అడిగాను. చాలాసేపు ఆలోచించి, ఇంకేం లేదన్నాడు. ఉద్యోగం కోసం, అమ్మ ఆరోగ్యం కోసం, దేనికోసమూ అడగడం మానేశాడు. ముందు ఇది తీరితేగానీ వేరేది అడిగే అర్హత లేదని అతని లెక్క.

అతను చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. కన్ఫర్మేషన్ (సంఘంలో పూర్తి సభ్యుడిగా చేర్చుకునే ఆరాధన) అయిన కొన్నాళ్లకే వాయించడం మొదలుపెట్టాడు. సంస్కారం, అంటే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారాల్లో జనం వరసగా బలిపీఠం దగ్గరికి వెళ్లి మోకరిస్తుంటే, వెనక సన్నగా సంగీతం నడుస్తుంటుంది. అందరూ తీసుకున్నాక క్వాయర్ వాళ్లు వెళ్తారు. కీబోర్డు అతను మాత్రం లేవడు, పాట ఆగకూడదు కదా అని. అయోగ్యంగా తినేవాడు తనకు శిక్షావిధి తెచ్చుకుంటాడని 1 కొరింథీయులు 11లో ఉంది. ఆ భయంతో ఏళ్ల తరబడి సంస్కారం తీసుకోలేదు. వాయిస్తూ ఉంటే ఎవరూ గమనించరు. పండగకి ఊరొచ్చినా ఆ ఆదివారం సంస్కారం ఉందంటే ముందుగా ఫోన్ చేసి "నేనే వాయిస్తాను" అనేవాడట. ఈ సంగతి తల్లికి తెలుసు. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఏడాదిన్నర కిందట తల్లితో చెప్పాడు. ఆమె తన చెల్లెలి మాట మీద అతన్ని ఒక ప్రార్థన మందిరానికి తీసుకెళ్లింది. అక్కడ ఉపవాసం పెట్టారు. అపవిత్రాత్మ అన్నారు. తల మీద చెయ్యి పెట్టి వెనక్కి తోశారు, పడకపోతే ఇంకా గట్టిగా తోశారు. చివరికి అతను పడిపోయినట్టు నటించాడు. అందరూ స్తోత్రం అన్నారు, తల్లి ఏడుస్తూ అక్కడికక్కడే సాక్ష్యం చెప్పింది. "మమ్మీ మొహం అంత వెలిగిపోవడం ఎప్పుడూ చూళ్లేదు. ఇంటికొచ్చాక నిజం ఎలా చెప్పను?" అన్నాడు. విడుదల దొరికిందని నమ్మారు కాబట్టే సంబంధాలు చూశారు. మధ్యలో ఒక డాక్టరుకి చూపిస్తే ఆయన హార్మోన్ పరీక్షలు రాసి, అన్నీ నార్మల్ వచ్చాక, పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందన్నారు. ప్రధానం బట్టలు కొనడానికి వెళ్లినరోజు అతను షాపులోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాడు. రెండోసారి చెప్పింది ఆ రాత్రే.

మొదటి అంచనా

డిప్రెషన్ తీవ్రతని కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో అతని స్కోరు 27కి 19. ఎంత ఎక్కువైతే అంత తీవ్రం. నిద్ర లేదు, బరువు తగ్గాడు, ఆఫీసులో హెచ్చరిక వచ్చింది. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని నేరుగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని మనలో చాలామందికి భయం. అది నిజం కాదు. ఉందన్నాడు, ఎలాగన్నది కూడా ఆలోచించుకున్నాడు. ఆ రోజు వేరే ఏ చర్చా జరగలేదు. హైదరాబాదులో విషయం తెలిసిన ఒక స్నేహితుడికీ, చెల్లెలికీ అతని ముందే ఫోన్ చేయించాను. రాత్రివేళ తోచకపోతే చెయ్యడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇచ్చాను. మరునాడే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. ఆమె డిప్రెషన్‌కి మందు మొదలుపెట్టారు. ఆ మందు డిప్రెషన్‌కి మాత్రమేనని తల్లిదండ్రులకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఎందుకంటే తండ్రి ఆ మాత్రల్ని వేరే ఆశతో చూశారు.

రోగనిర్ధారణ విషయంలో సందేహం లేదు. అతనికున్న జబ్బు డిప్రెషన్. స్వలింగ ఆకర్షణ జబ్బు కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో దాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. మన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా 2018లో ఇదే స్పష్టంగా చెప్పింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఒక మనిషి తన సమాజపు నైతిక విలువలకో మత విశ్వాసాలకో తగ్గట్టు లేడన్న కారణంతో అతన్ని మానసిక రోగి అనడానికి వీల్లేదు. మద్రాసు హైకోర్టు 2021 తీర్పు తర్వాత, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ ఆకర్షణని మారుస్తామనే 'మార్పిడి చికిత్స'ని వైద్యుల వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. స్వలింగ సంబంధం నేరం అన్న మాట 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతోనే పోయింది. స్వలింగ జంటలకి పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబరు 17 తీర్పులో రాలేదు. తండ్రికి ఇవన్నీ కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన చట్టాన్ని గౌరవించే మనిషి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మేమేం తప్పు చేశాం?" అని తల్లి అడిగింది. కడుపుతో ఉన్నప్పుడు ఆడపిల్ల కావాలని కోరుకున్నానని, అందుకే ఇలా అయిందేమోనని ఏళ్లుగా లోపల పెట్టుకుంది. పెంపకం వల్ల ఇది వస్తుందని ఏ పరిశోధనా రుజువు చెయ్యలేదని చెప్పాను. 2019లో ఐదు లక్షలకు దగ్గరగా మనుషుల జన్యువుల్ని పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం, ఒకే జన్యువు కారణమనీ చెప్పలేదు, జన్యువుల పాత్ర లేదనీ చెప్పలేదు. చాలా జన్యువులు, ఒక్కొక్కటీ కొంచెం కొంచెం. "అయితే నా కోరిక వల్ల కాదా?" అని మళ్లీ అడిగింది. కాదన్నాను. సైన్సు మాటలన్నిటిలో ఆమెకి కావలసింది ఆ ఒక్క మాటే.

ముందు ప్రధానం ఆగాలి

తల్లిదండ్రులు దేవుడి గురించి మాట్లాడదామన్నారు. నేను ముందు ఆ అమ్మాయి గురించి మాట్లాడదామన్నాను. ఆమె కూడా ఒక ఇంటి బిడ్డే. ఏమీ తెలియకుండా పెళ్లి చేసుకుని, భర్త తన దగ్గరికి ఎందుకు రావడం లేదో తెలియక తనలోనే లోపం వెతుక్కునే ఆడవాళ్లని నేను ఈ గదిలో చూస్తూనే ఉన్నాను. పెళ్లయితే అదే సర్దుకుంటుందని సలహా ఇచ్చేవాళ్లు ఆ ఆడపిల్ల జీవితాన్ని మందుగా వాడుతున్నారు. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. చట్టం కూడా ఉంది: క్రైస్తవ వివాహాల్లో మోసంతో సమ్మతి పొందితే ఆ పెళ్లిని రద్దు చెయ్యమని కోర్టుకి వెళ్లొచ్చు, 1869 నాటి విడాకుల చట్టంలోనే ఆ దారి ఉంది.

తండ్రి పరువు గురించి మాట్లాడారు. హాలుకి అడ్వాన్సు ఇచ్చేశారు, పెళ్లి ప్రకటనలకి వివరాలు పాస్టరుగారి దగ్గరికి వెళ్లాయి. మూడు ఆదివారాలు సంఘం ముందు చదివే ప్రకటన అది. అందులో ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని అడుగుతారు కదా అని అబ్బాయి అన్నాడు. "మొదటి అభ్యంతరం నాదే డాడీ." ఆ గదిలో అతను తండ్రి కళ్లలోకి చూసి మాట్లాడింది ఆ ఒక్కసారే.

తన సంగతి బయటపెట్టకుండా, అబద్ధం ఆడకుండా ఎలా తప్పుకోవాలన్నది కలిసి ఆలోచించాం. అతనే ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు. "తప్పు మీలో లేదు, నేను ఏ అమ్మాయినీ పెళ్లి చేసుకునే స్థితిలో లేను, ముందే చెప్పాల్సింది" అన్నాడు. ఆమె కోప్పడింది. ఆ కోపం న్యాయమైనదేనని, దానికి సర్దిచెప్పబోవద్దని అతనికి ముందే చెప్పి ఉంచాను. అవతలి వాళ్ల ఖర్చులు తండ్రి తిరిగి ఇచ్చారు. కొడుకుతో మాట్లాడటం మానేశారు.

వాక్యం ఏమంటుంది

కేసులో ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. క్రైస్తవులంతా ఈ విషయంలో ఒకే మాట మీద ఉన్నారని ఆ ఇంట్లో అందరూ నమ్మారు, అబ్బాయి కూడా. నిజానికి సంఘాల్లో కనీసం మూడు దారులున్నాయి.

ఆకర్షణే పాపం, నమ్మితే దేవుడు మార్చేస్తాడు అన్నది వాళ్లు విన్న దారి. దీన్నే పనిగా పెట్టుకుని అమెరికాలో దశాబ్దాల పాటు నడిచిన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ 2013లో మూతపడింది. దాని అధ్యక్షుడు అలన్ చేంబర్స్, తాను చూసినవాళ్లలో దాదాపు ఎవరి ఆకర్షణా మారలేదని అంతకుముందే ఒప్పుకున్నారు, మూసేటప్పుడు బాధపడ్డవాళ్లకి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మారతారని ఒకప్పుడు అధ్యయనం ప్రచురించిన సైకియాట్రిస్టు రాబర్ట్ స్పిట్జర్ కూడా 2012లో అది తప్పని ఒప్పుకుని క్షమాపణ కోరారు. ఈ సంగతి చెప్పినప్పుడు అబ్బాయి ఏడ్చాడు. ఇన్నేళ్లూ తన విశ్వాసం చాలకనే మారలేదనుకున్నాడు. ఈ మొదటి దారికి నా గదిలో చోటు లేదు. అది నమ్మకాల తేడా కాదు, మనిషికి జరిగే హాని.

రెండో దారి: ఆకర్షణ పాపం కాదు, కానీ శారీరక సంబంధం వాక్యానికి విరుద్ధం, కాబట్టి బ్రహ్మచర్యంలో ఉండాలి. లేవీయకాండము 18, రోమా 1, 1 కొరింథీయులు 6 ఎత్తిచూపుతారు. అంతకంటే ముఖ్యంగా, ఆదికాండములో స్త్రీపురుషుల జతనే దేవుడు వివాహంగా నియమించాడంటారు. కాథలిక్ సంఘం బోధ ఇదే. 1992 నాటి వాళ్ల బోధ గ్రంథంలోనే ఇలాంటివారిని గౌరవంతో, కనికరంతో, సున్నితంగా స్వీకరించాలని, అన్యాయమైన వివక్ష కూడదని కూడా ఉంది. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) భాగంగా ఉన్న ప్రపంచ సంఘాల కూటమి ఆంగ్లికన్ కమ్యూనియన్ బిషప్పులు 1998 లాంబెత్ సమావేశంలో ఈ సంబంధాలు లేఖనాలకు పొసగవన్నారు, అదే తీర్మానంలో వీళ్ల అనుభవాన్ని వినాలనీ అన్నారు. మన చర్చిల్లో మొదటి సగం వినిపిస్తుంది. రెండో సగం నేనెప్పుడూ ప్రసంగంలో వినలేదు.

మూడో దారి: జీవితాంతం ఒకరికొకరు నమ్మకంగా ఉండే ఇద్దరి బంధాన్ని సంఘం ఆశీర్వదించొచ్చు. ఇలా అనేవాళ్లు బైబిల్ని పక్కన పెట్టినవాళ్లు కాదు. ఆ వచనాలు బలాత్కారాన్నీ విచ్చలవిడితనాన్నీ విగ్రహారాధననీ ఖండిస్తున్నాయి గానీ ఇలాంటి బంధాన్ని కాదంటారు. నరుడు ఒంటరిగా ఉండటం మంచిది కాదన్న మాటని గుర్తుచేస్తారు. సొదొమ దోషం గర్వం, తిండి సమృద్ధి, బీదలకు చెయ్యి అందించకపోవడం అని యెహెజ్కేలు 16:49లో ఉన్నది చూపిస్తారు. ఈ దారి పట్టిన సంఘాల్లో అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఒకటి, 2009లో. హయ్యర్‌ని పంపిన లూథరన్లు కాలక్రమంలో కలిసింది ఆ సంఘంలోనే. ఇది విని తండ్రి నిర్ఘాంతపోయారు. "మనకి బైబిల్ తెచ్చిచ్చినవాళ్లా?" అన్నారు. కాసేపాగి, "అయితే వాళ్లు దారి తప్పారు" అన్నారు. వాదించలేదు. ఆయన అలా అనుకోవచ్చు, చాలామంది క్రైస్తవులు అలాగే అనుకుంటున్నారు. ఆ 2009 నిర్ణయంలో నాకు పనికొచ్చింది ఇంకోటి: ఈ విషయంలో విశ్వాసులు మనస్సాక్షిని బట్టి వేర్వేరు నిర్ణయాలకి వచ్చినా ఒకరినొకరు గౌరవించాలని అందులో రాసుకున్నారు. ఒకే ఇంట్లో తండ్రీ కొడుకూ వేర్వేరు అభిప్రాయాలతో ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చన్న ఆలోచన వాళ్లకి కొత్త.

రెండో దారా, మూడో దారా అని అబ్బాయి నన్ను అడిగాడు. నా అభిప్రాయం చెప్పలేదు. నేను చెబితే అది అతని చెవిలో ఇంకో ప్రసంగమే అవుతుంది. ఇక్కడ నాతో విభేదించేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. బ్రహ్మచర్యాన్ని ఒక దారిగా ఉంచడమే హాని అని కొందరు తోటి సైకాలజిస్టులంటారు. మూడో దారి పేరెత్తడమే పాపమని చర్చిలో స్నేహితులంటారు. నాకు తెలిసిందొకటి: భయంతో పట్టుకున్న బ్రహ్మచర్యం నిర్ణయం కాదు, ఇంటినుంచి గెంటేస్తే కోపంతో దూకిన సంబంధమూ నిర్ణయం కాదు. అతను ముందు నిద్రపోగలగాలి, తినగలగాలి, బతకాలనుకోవాలి. తర్వాత తన మనస్సాక్షితో తేల్చుకుంటాడు. బ్రహ్మచర్యం ఉండమనే సంఘాలు ఒకటి మర్చిపోతున్నాయి. ఇది అందరూ అంగీకరించగలిగేది కాదు, ఎవరికి అనుగ్రహింపబడిందో వారికేనని యేసు చెప్పినట్టు మత్తయి 19లో ఉంది. పెళ్లికాని మగవాడికి ఇల్లు అద్దెకివ్వని, పండగ భోజనానికి పిలవని, ముసలితనంలో ఎవరు చూస్తారో చెప్పని సంఘం అతన్ని ఒంటరిగా ఉండమనడం సులువే.

అతనితో చేసిన పని చాలావరకు సిగ్గు మీద. 'నేను తప్పు చేశాను' అన్న బాధకి దారి ఉంటుంది. 'నేనే తప్పు' అన్నదానికి దారి ఉండదు. మనసులో వచ్చే తీర్పుల్ని రాసుకుని రమ్మన్నాను, ఒక్కోదానికీ పక్కన అది ఎవరి గొంతో రాయించాను. చాలా తీర్పులు ఆ క్యాంపు ప్రసంగీకుడివి, కొన్ని ప్రార్థన మందిరంవి. దేవుడివని తేలినవి అతను అనుకున్నదానికంటే తక్కువ. ప్రార్థన విషయంలో, ఆ ఒక్క వాక్యం తప్ప ఏదైనా సరే ప్రార్థించమన్నాను. రాలేదన్నాడు. అయితే కీర్తన 13, కీర్తన 88 చదవమన్నాను. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, జవాబు రాదు. అలాంటిది కూడా బైబిల్లో ఉందా అని ఆశ్చర్యపోయాడు. కొన్ని వారాల తర్వాత "నిన్న మమ్మీ బీపీ గురించి ప్రార్థన చేశాను" అన్నాడు. నా నోట్సులో అది చిన్న లైను, కానీ నా లెక్కలో కేసు మలుపు అక్కడే.

పాస్టరుగారితో

పాస్టరుగారిని కలవాలన్నది అబ్బాయి కోరికే. ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అని ముందే రాసుకున్నాం. ఆయన అరవై దాటిన మనిషి, ఈ పిల్లాడికి బాప్తిస్మమిచ్చినవాడు. గదిలోకి వస్తూనే ప్రార్థన చేద్దామన్నారు, అబ్బాయి వైపు చూశాను, సరేనన్నాడు.

ఆయన తన మాట దాచలేదు. "వాక్యం నాకు ఒకలాగే అర్థమైంది బాబూ. ఈ వయసులో నేను వేరేలా చెప్పలేను." తర్వాత నేను, అబ్బాయి అనుమతితో, ప్రాణం మీదికి వచ్చిన సంగతి చెప్పాను. ఆయన మొహం మారిపోయింది. ఇంతకుముందు ఒక సంఘంలో పనిచేసినప్పుడు ఇలాగే ఒక కుర్రాణ్ని సమాధి చేశానని, కారణం అందరికీ తెలిసినా ఎవరూ అనలేదని చెప్పారు. కాసేపు ముగ్గురం మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడిందంతా పనికొచ్చే మాటలే: ఈ విషయం కమిటీకి వెళ్లదు, ప్రసంగంలో సూచనగా కూడా రాదు, కీబోర్డు దగ్గర్నుంచి అతన్ని ఎవరూ లేపరు, పెళ్లెందుకు ఆగిందని అడిగేవాళ్లకి ఆయనే "వాళ్లింటి సంగతి" అని చెబుతారు. సంస్కారం గురించి అబ్బాయి అడిగాడు. "యోగ్యుడు ఎవడూ లేడు కాబట్టే అది పెట్టారు" అన్నారు. అంతకుమించి ఒప్పుకోలేదు. రేపు ఇతను ఒక తోడుని వెతుక్కుంటే ఏం చేస్తారని నేను అడిగితే, "అప్పుడు నాకు కష్టమవుతుంది. అయినా ఇంటికి వెళ్లి చూసొస్తాను" అన్నారు. మన పాస్టర్ల నుంచి ఇప్పటికిప్పుడు ఇంతకంటే ఎక్కువ ఆశించలేం. ఇంత దొరికినా ప్రాణాలు నిలుస్తాయి.

తల్లి

తల్లి విడిగా చాలాకాలం వచ్చింది. నేను ఆమెని టీచరుగారూ అనేదాన్ని. ప్రార్థన మందిరంలో జరిగింది నటన అని కొడుకు ఆమెకి నా ముందే చెప్పాడు. ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొన్ని వారాలు ఆమెకి దేవుడి మీద కంటే తనమీద తనకే కోపం: "పిల్లాణ్ని తోస్తుంటే చూస్తూ స్తోత్రం అన్నానమ్మా."

వంశం ఆగిపోతుందన్న దిగులు ఆమెది, మావాళ్లలో ఇది చాలా లోతుగా ఉంటుంది. ఒకరోజు యెషయా 56 తెరిచి పట్టుకుని వచ్చింది, నేను చెప్పలేదు. పిల్లలు లేని నపుంసకుడు తాను ఎండిన చెట్టునని అనుకోకూడదని, కొడుకులూ కూతుళ్లకంటే శ్రేష్ఠమైన పేరు దేవుడు తన ఇంట్లో అతనికి ఇస్తాడని ఉన్న చోటు. అది తన కొడుకు లాంటివాళ్ల గురించి రాసింది కాదని ఆమెకి తెలుసు, పాఠం చెప్పే మనిషి. "ఎవరి గురించైనా, వారసులు లేనివాడికి ఆయన ఇంట్లో చోటుంది కదమ్మా" అంది. ఆదివారపు బడిలో ఆ భాగం పిల్లలకి చెప్పొచ్చా అని అడిగింది. చెప్పొచ్చన్నాను.

ఇప్పుడు

దాదాపు ఏడాది తర్వాత స్కోరు 7. మందు డాక్టరు సలహాతో తగ్గిస్తున్నారు. చావు ఆలోచనలు చాలాకాలంగా లేవు. ఉద్యోగం నిలబడింది. తోడు విషయంలో అతనింకా తేల్చుకోలేదు, తొందర లేదంటున్నాడు. రెండు వైపుల వాదనలూ చదువుతున్నాడు, హైదరాబాదులో తనలాంటి విశ్వాసులు కొందరు పరిచయమయ్యారు, వాళ్లలో ఒకరు బ్రహ్మచర్యంలో ఉన్నారు, ఇద్దరు కలిసి ఉంటున్నారు. తండ్రి ఫోన్‌లో మాట్లాడతారు, వాతావరణం, క్రికెట్, జీతం. ఆ విషయం ఎత్తరు.

నడుస్తున్న పని చెల్లెలి పెళ్లి. సంబంధం వాళ్లకి అన్నయ్య సంగతి చెప్పాలా వద్దా? తండ్రి వద్దంటారు. "రేపు తెలిసి నన్ను అంటే?" అని చెల్లెలి భయం. తన గురించి ఎవరికి చెప్పాలో తనే నిర్ణయించుకుంటానని అబ్బాయి. ఎవరి మాటనీ తోసెయ్యలేను. నలుగురూ కలిసి వస్తామన్నారు. ముందు అబ్బాయి ఎంతవరకు చెప్పడానికి ఒప్పుకుంటాడో అది తేలాలి, ఆ తర్వాతే మిగతావాళ్ల మాట.